ఏటి అవతలి పుట్టిల్లు: ఒక పల్నాటి కోడలి వంశాన్వేషణ (కేస్ స్టడీ)

ఈ కేసులో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా తాత తల్లి ఎవరింటి ఆడపడుచు?" అడిగినావిడ డాలస్‌లో స్థిరపడిన వైద్యురాలు. ఆమె తండ్రి వైపువారిది మాచర్ల ప్రాంతపు వ్యవసాయ కుటుంబం. వారింట్లో వంశవృక్షం లేకపోలేదు. 1970ల్లో పంపకాల సందర్భంగా కరణంగారి చేత రాయించిన పెద్ద కాగితం ఒకటి భద్రంగా ఉంది. ఏడు తరాల మగవారి పేర్లు, ఎవరి వాటాకు ఏ సర్వే నంబరు వచ్చిందో, ఎవరు నిస్సంతుగా పోయారో, ఎవరు దత్తు వెళ్లారో అన్నీ అందులో ఉన్నాయి. ముత్తవ్వ గురించి ఉన్నది మాత్రం "భార్య" అనే మాట, దాని పక్కన ఇంటిపేరు లేని ఒక పేరు. కుటుంబం అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను గాని, వ్యక్తుల పేర్లను, ఊళ్ల పేర్లను కావాలనే వదిలేశాను.

మన పల్లెల్లో పాత తరాల స్త్రీ పుట్టింటి వంశం కనుక్కోవాలంటే వంశవృక్షంతో మొదలుపెట్టకూడదన్నది ఈ వృత్తిలో నాకు కుదిరిన గట్టి అభిప్రాయం. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, ఆ తరవాత ఏ కాగితం రాసినా "ఫలానావారి భార్య" అనే రాస్తారు. వంశవృక్షం రాయించేది ఆస్తికి వారసులెవరో తేల్చడానికి కాబట్టి, కోడలు ఎక్కడి నుంచి వచ్చిందన్నది దానికి అవసరం లేని విషయం. ఆమె తండ్రి పేరు రాయక తప్పని సందర్భాలు వేరే ఉన్నాయి. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద భూమి రాసిచ్చినప్పుడు, ఆమె తరఫున పుట్టింటి మనిషి సాక్షిగా నిలబడ్డప్పుడు, పుట్టింటి ఆస్తి మీద తగాదా వచ్చినప్పుడు ఆ పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. కాగితం లేనిచోట పెట్టుపోతల జ్ఞాపకం ఉంటుంది, అది ఆడవారి దగ్గరే ఉంటుంది. ఈ కేసు ఆద్యంతం ఆ దారిలోనే నడిచింది.

పెద్దవారి నోటి మాట

క్లయింటు తాత, ఆయన అన్న, ఆయన అక్క ముగ్గురూ ఎప్పుడో కాలం చేశారు. ఆ అక్క కూతురు మాత్రం గురజాల వైపు ఒక ఊళ్లో ఉన్నారు, తొంభైకి దగ్గర పడుతున్న మనిషి. క్లయింటు ముత్తవ్వ ఆమెకు అమ్మమ్మ. ఇలాంటి పెద్దవారిని "మీ అమ్మమ్మ ఇంటిపేరేమిటి" అని అడిగితే తెలియదనే జవాబు వస్తుంది, సంభాషణ అక్కడే ఆగిపోతుంది. పురుడు ఎక్కడ పోశారు, మేనమామలు ఏ దారిన వచ్చేవారు, వచ్చేటప్పుడు ఏం తెచ్చేవారు, పెళ్లిలో పుట్టింటి పీట మీద ఎవరు కూర్చున్నారు అని అడిగితే మాత్రం, అడగని సంగతులు కూడా వస్తాయి. ఆమె చెప్పిన మాటలను రికార్డు చేసినవి చేసినట్టే ఇక్కడ ఇస్తున్నాను:

"మా అమ్మకు మేనమామలు పుట్టిలో ఏరు దాటొచ్చి ఒడిబియ్యం పోసేవాళ్లు బాబూ. తండ్రి లేని పిల్ల గదా, వాళ్లే పుట్టింటోళ్లయి నిలబడ్డారు. మా వైపు సారె పెడతారు గాని ఒడిబియ్యం పొయ్యరు. ఊళ్లో ఆడోళ్లంతా చూడ్డానికొచ్చేవాళ్లు. నాకూ బాగా గుర్తే."

ఈ నాలుగు మాటల్లోనే సగం కేసు ఉంది. ఏరంటే కృష్ణ. ఆ రోజుల్లో రెండు ఒడ్లకూ రెండు ప్రభుత్వాలు: ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీలోని పల్నాడు తాలూకా, అవతల నైజాం ఇలాకాలోని నల్గొండ జిల్లా. పుట్టింటివారు ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసే ఒడిబియ్యం తెలంగాణ ఇళ్లలో పాతుకుపోయిన ఆనవాయితీ. పల్నాటి ఊళ్లో అది వింతగా అనిపించింది కాబట్టే ఎనభై ఏళ్ల తరవాత కూడా ఆమెకు గుర్తుండిపోయింది. అందరికీ అలవాటైన సారె గురించి అయితే అంత వివరంగా చెప్పి ఉండేవారు కాదు. సాక్ష్యం తూచేటప్పుడు నేను దీన్ని చాలా పట్టించుకుంటాను: ఊరి పద్ధతికి భిన్నంగా జరిగిన సంగతి జ్ఞాపకంలో చెదరకుండా నిలుస్తుంది.

ముత్తవ్వ పేరు కూడా అటే చూపించింది. అది యాదగిరి నరసింహస్వామి పేరు మీదుగా పెట్టిన పేరు. తెలుగువారి పేర్లలో ఇలవేల్పు ఊరు కూడా దాగి ఉంటుంది. కోటయ్య, కోటమ్మ అంటే కోటప్పకొండ చుట్టుపక్కలకు, పెంచలయ్య అంటే నెల్లూరు పెంచలకోనకు, నూకరాజు అంటే అనకాపల్లికి, పైడిరాజు అంటే విజయనగరానికి, సింహాచలం, అప్పన్న అంటే విశాఖ వైపుకు మనసు పోతుంది. మాచర్ల దగ్గర చెన్నకేశవులు, చెన్నమ్మ అనే పేర్లు ఎక్కువ. ఆ ఊళ్లో ఆ తరంలో యాదగిరి పేరున్న స్త్రీ ఈమె ఒక్కరే. ఇది ఋజువు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే సూచన మాత్రమే.

పేర్లలో మరొక సూచన ఇంటిలోనే ఉంది. మన ఇళ్లలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం విస్తారంగా ఉన్న ఆచారం. ముత్తవ్వ పెద్దకొడుకు పేరు వంశవృక్షంలో ఆయన తాత పేరే. రెండో కొడుకైన క్లయింటు తాత పేరు మాత్రం పై తరాల్లో ఎక్కడా లేదు. కాబట్టి అది ముత్తవ్వ తండ్రి పేరై ఉండాలన్న ఊహతో, దానికి ఆధారం దొరికేదాకా ఊహగానే రాసుకుని ముందుకు వెళ్లాను.

1921 నాటి తనఖా పత్రం

ముత్తవ్వ భర్త 1918లో, దేశమంతా ఇన్‌ఫ్లూయెంజా ప్రబలిన ఏడు, ముప్పై ఏళ్లయినా నిండకుండా పోయారు. ఇంట్లో కాళయుక్తి సంవత్సరమని చెప్పుకునేవారు. 1918-19 కాళయుక్తే కాబట్టి రెండూ సరిపోయాయి. పల్లెల్లో పుట్టుక, చావు తేదీలకు సంవత్సర నామాలే దిక్కు. ధాత కరువు అంటే 1876-77, బందరు ఉప్పెన వచ్చిన రక్తాక్షి అంటే 1864. అరవై ఏళ్లకొకసారి పేరు తిరిగి వస్తుంది కాబట్టి, ఏ చుట్టులోని సంవత్సరమో తరాల లెక్కతో తేల్చుకోవాలి.

భర్త పోయాక ముగ్గురు పసిపిల్లలతో ఆమె వ్యవసాయం ఎలా నెట్టుకొచ్చిందో చెప్పే కాగితం ఒకటే మిగిలింది. పెద్దకొడుకు వారసుల ఇంట్లో, రేకుపెట్టె అడుగున, పాత శిస్తు రసీదుల కట్టతో కలిసి ఉంది. దుర్మతి సంవత్సరం, అంటే 1921లో రాసిన తనఖా పత్రం. కుటుంబంలో దాన్ని ఎవరూ చదవలేదు, ఎందుకంటే అప్పు ఎప్పుడో తీరిపోయింది. గొలుసుకట్టు రాత, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. మొదటి వాక్యంలో ఆమెను "కీర్తిశేషులైన" ఫలానావారి భార్యగా, "మైనరు కుమారులకు గార్డియనున్ను తల్లియునైన" మనిషిగా రాశారు. తండ్రి పేరు లేదు. చివర ఆమె పేరు దగ్గర నిశాని ఉంది, దాని పక్కన దస్తూరి రాసినవాని పేరు ఉంది.

అసలు విషయం సాక్షుల దగ్గర ఉంది. ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఆ ఊరివారే. రెండో ఆయన పేరు కింద "నైజాం ఇలాకా దేవరకొండ తాలూకా" అని, ఒక ఊరి పేరు రాసి ఉన్నాయి. ఆయన నిశాని వేయలేదు, పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాలు చేశారు. కాగితం వెనక సబ్‌రిజిస్ట్రారు రాసిన ఎండార్సుమెంటులో, రాసిచ్చిన మనిషిని గుర్తించినవారి వివరం తండ్రి పేరుతో సహా ఉంది. ఆ తండ్రి పేరు, క్లయింటు తాత పేరు ఒక్కటే.

కృష్ణ దాటి, కరోడ్‌గిరి నాకా, అంటే నైజాం సుంకాల ఠాణా దాటి, ఒక విధవ స్త్రీ అప్పు పత్రానికి సాక్షి సంతకం పెట్టడానికి ఒక మనిషి ఎందుకు వస్తాడు? అన్న అయి ఉండాలి అనిపించడం సహజమే. అయినా పత్రంలో బంధుత్వం రాయలేదు. వరసకు అన్న అయ్యేవాడూ కావచ్చు, ఆమె మేనమామ కొడుకూ కావచ్చు. రిజిస్ట్రారు ఆఫీసుల్లో మొదటి ఇండెక్సు రాసిచ్చినవారి, పుచ్చుకున్నవారి పేర్ల మీద, రెండో ఇండెక్సు ఆస్తి మీద ఉంటాయి. సాక్షుల పేర్లకు ఇండెక్సు ఉండదు. అందువల్ల ఇలాంటి సమాచారం వెతికితే దొరకదు, పత్రం మొదటి నుంచి చివరి ముద్ర దాకా చదివితేనే దొరుకుతుంది. ఈ పని చేసేవారికి నేను పదేపదే చెప్పేది ఇదే: పాత పత్రాన్ని వెనక నుంచి ముందుకు చదవండి.

నీట మునిగిన ఊరు

పత్రంలో ఉన్న ఊరు ఇప్పటి మ్యాపులో లేదు. దస్తూరి రాసినాయన ఆ పేరును తన చెవికి వినిపించినట్టు రాశారేమోనని మొదట ఆ కోణంలో చూశాను. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీటు, 56పి శ్రేణిలోనిది, తెప్పించి చూస్తే కృష్ణ ఎడమ ఒడ్డున ఇంచుమించు అదే పేరుతో ఊరు కనిపించింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఏలేశ్వరం లాంటి ప్రాచీన క్షేత్రంతో పాటు ఆ ఒడ్డున ఎన్నో ఊళ్లు జలాశయంలో కలిసిపోయాయి. ముత్తవ్వ పుట్టిన ఊరు వాటిలో ఒకటి.

ఊరు మునిగినా రికార్డు మునగలేదు. నైజాం ఇలాకా ఊళ్లకు ఏ సర్వే నంబరు ఎవరి పట్టాలో చెప్పే రిజిస్టర్లు రెండు ఉంటాయి: మొదటి సర్వే సెటిల్‌మెంటు నాటి సేత్వార్, 1954-55లో తెలంగాణ అంతటా రాసిన ఖాస్రా పహాణీ. సేత్వార్ ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఇంటిపేర్లు తరచుగా రాయరు. పేరు, "వల్ద్" అనే మాట, తండ్రి పేరు, అంతే. స్త్రీ అయితే "జౌజె" అని భర్త పేరు. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు విడిచిపెడతారు కాబట్టి, తెలుగు పేరును రెండు మూడు విధాల చదవడానికి వీలుంటుంది. ఉర్దూ చక్కగా చదివే మిత్రుడు పక్కన కూర్చుని సాయం చేశారు. ఇలాంటి కేసుల్లో తెలుగు పల్లెల పేర్లు తెలిసిన ఉర్దూ పాఠకుడు కావాలి. రెండింట్లో ఏది కొరవడినా చదివిన పేరు తప్పుతుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. సేత్వార్‌లో ముత్తవ్వ తండ్రి అనుకున్న పేరుతో ఇద్దరు పట్టాదారులున్నారు. పేరు ఒక్కటే, "వల్ద్" తరవాత తండ్రుల పేర్లు వేరు. ఇద్దరిదీ ఒకటే కులమో, ఒకే ఇంటిపేరో చెప్పే ఆధారం ఆ పుటలో లేదు. ఇలాంటి సందర్భంలో మనకు నచ్చినవాడిని ఎంచుకుని వంశవృక్షంలో రాసేయడం చాలా తేలిక. ఒకసారి రాసిన పేరు తరవాతి తరాలకు నిజమైపోతుంది కాబట్టి అది క్షమించరాని పని.

మనుషుల పేర్లు ఒకటైనప్పుడు భూమిని పట్టుకోవాలి, ఎందుకంటే సర్వే నంబరుకు మారుపేరు ఉండదు. 1921 పత్రంలో వ్రాలు చేసిన సాక్షి 1954-55 ఖాస్రా పహాణీలో ఇంకా పట్టాదారుగా ఉన్నారు, తండ్రి పేరుతో సహా. ఆయన పేరు మీద రెండు మెట్ట నంబర్లు, ఏటి ఒడ్డున ఒక చిన్న ముక్క ఉన్నాయి. వాటిని పట్టుకుని వెనక్కి సేత్వార్‌లోకి వెళ్తే, మెట్ట నంబర్లు రెండూ ఆ ఇద్దరిలో మొదటి పట్టాదారువి. రెండో ఆయన నంబర్లు పహాణీ నాటికి వేరే ఇంటి వారసుల పేర్ల మీద ఉన్నాయి. ఏటి ఒడ్డు ముక్క సేత్వార్‌లో ఇద్దరిలో ఎవరిదీ కాదు, తరవాత కొన్నదై ఉండాలి. దాంతో సాక్షి తండ్రి ఎవరో, తాత ఎవరో ఖాయమయ్యాయి. సాక్షి ముత్తవ్వకు అన్న అన్న సంగతి మాత్రం ఇంకా ఖాయం కాలేదు.

పరిహారం తగాదా

మునిగిన ఊరివారికి ఎగువన పునరావాసం కల్పించారు. ఆ కాలనీలో సాక్షి తమ్ముని మనవడు ఉన్నారు. ఆయన ఇంట్లో భూసేకరణ అవార్డు (పరిహారం ఉత్తర్వు) నకలు ఒకటి ఉంది, దాని అంచున పరిహారం పంపకం గురించి కోర్టుకు నివేదించినట్టు ఒక నంబరు రాసి ఉంది. "మా నాయనకూ, ఏటి అవతలి మేనత్త కొడుకులకూ పైసల కాడ మాట వచ్చిందని చెప్పేవాళ్లు, రాకపోకలు అప్పటి నుంచే బంద్ అయినయి" అన్నారాయన. పల్నాటి కుటుంబంలో ఈ తగాదా సంగతి ఎవరికీ తెలియదు. పుట్టింటి జాడ ఆ ఇంట్లో ఎందుకు చెరిగిపోయిందో నాకు అక్కడ అర్థమైంది. ఊరు మునగడం ఒక కారణం, మాటలు పడటం అంతకంటే పెద్ద కారణం.

తగాదా రావడానికి చట్టంలోనే మూలం ఉంది. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. సాక్షిగా వ్రాలు చేసిన అన్న 1957లో పోయారు. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు. తమ్ముడు అంతకుముందే కాలం చేశారు, చెల్లెలైన ముత్తవ్వ కూడా 1946 ప్రాంతంలోనే పోయింది. ఆ చట్టం ప్రకారం, దగ్గరి వారసులెవరూ లేనప్పుడు సోదరుని పిల్లలు, సోదరి పిల్లలు ఒకే మెట్టు మీద సమానంగా నిలబడతారు. చట్టం రాకముందే పోయి ఉంటే ఆ మెట్టు లేదు. అందుకే తమ్ముని కొడుకు మొత్తం పరిహారం తనదేనన్నా, ముత్తవ్వ కొడుకులిద్దరూ ఏరు దాటి వచ్చి వాటా అడగగలిగారు.

కోర్టు దస్త్రంలో అర్జీలు మిగలలేదు గాని తీర్పు, డిక్రీ మిగిలాయి. నకలు దరఖాస్తు పెట్టి తీసుకున్నాను. తీర్పు మొదటి పుటల్లోనే న్యాయమూర్తి మూలపురుషుని నుంచి బంధుత్వం వివరించారు: ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, కూతుర్ని పల్నాడు తాలూకాలోని ఫలానా ఊరికి ఇచ్చారు, ఆమె కొడుకులు ఈ కేసులో ఫలానా పక్షం. ముత్తవ్వ పేరు తండ్రి పేరు పక్కన నిలిచిన కాగితం ఇదొక్కటే. పోట్లాడుకున్న రెండు పక్షాలూ ఈ బంధుత్వాన్ని కాదనలేదని కూడా తీర్పులో ఉంది. ప్రత్యర్థి ఒప్పుకున్న బంధుత్వానికి నేను ఇంటి వంశవృక్షం కంటే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఒప్పుకున్నవారికి దానివల్ల నష్టమే గాని లాభం లేదు. ముత్తవ్వ కొడుకులకు వాటా దక్కింది.

గోత్రం, ఇంటిపేరు

సేత్వార్ ఇంటిపేరు ఇవ్వలేదు, తీర్పు ఇచ్చింది. గోత్రానికి ఆ ఇంటికి మిరాశీగా వచ్చే వంశరాజులను, పాత పేరుతో పిచ్చుకుంట్లవారిని, కలిశాను. తెలుగునాట చాలా కులాలకు గోత్రాలు, ఇంటిపేర్లు పాడి చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులు, మాదిగలకు డక్కలివారు అలాంటివారే. ఆయన ఇంటిపేరు వినగానే గోత్రం చెప్పి, ఆ ఇంటిపేరువారు ఏయే ఊళ్లకు చీలి వెళ్లారో ఆగకుండా చదివారు. అందులో మునిగిన ఊరి పేరు, నేను ముందుగా చెప్పకుండానే వచ్చింది. గోత్రాన్ని, ఊళ్ల వరసను నివేదికలో మౌఖిక సాక్ష్యంగా చేర్చాను. ఆయన చెప్పిన పై తరాల పేర్లను మాత్రం విడిగా అనుబంధంలో ఉంచాను, వంశవృక్షంలో కలపలేదు. ఆ పాఠం ఇంటి ప్రతిష్ఠ కోసం పుట్టింది, అది గొప్ప సంపదే, కాని తరానికి తరం లెక్క చూసుకోవడానికి పనికిరాదు.

క్లయింటు అమెరికాలో డీఎన్ఏ పరీక్ష కూడా చేయించుకున్నారు. పునరావాస కాలనీలోని కుటుంబం నుంచి హైదరాబాదులో ఉన్న ఒక యువకుడు కూడా చేయించుకోగా, ఇద్దరికీ బంధుత్వం ఉన్నట్టు తేలింది. పరీక్ష చూపించిన దగ్గరితనాన్ని నేను ఉన్నదున్నట్టు తీసుకోలేదు. తరతరాలుగా మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో దూరపు బంధువులు కూడా దగ్గరివారిలా కనిపిస్తారు. కాగితాలు చెప్పినదానికి అది విరుద్ధంగా లేదు, అంతవరకే.

క్లయింటుకు ఇచ్చిన నివేదికలో ముత్తవ్వ తండ్రి, తాత, ఇద్దరు సోదరులు, పుట్టింటి ఊరు, ఇంటిపేరు ఖాయమైనవిగా, గోత్రం నమ్మదగినదిగా రాశాను. ముత్తవ్వ తల్లి విషయానికొస్తే, తీర్పులో ఆమె లేదు, సేత్వార్‌లో ఆమె పుట్టింటి మాట ఉండే అవకాశమే లేదు. ఆమె జాడ పునరావాస కాలనీలోనే, తమ్ముని కొడుకు భార్య దగ్గర దొరికింది. ఆ పెద్దావిడను "మీ మామగారి తల్లి ఎక్కడి ఆడబిడ్డ?" అని అడిగితే, "నేను వచ్చింది ఆ ఇంట్ల నుంచే గద నాయనా, పాత చుట్టరికమని నన్ను ఇదే ఇంటికి ఇచ్చిండ్రు" అన్నారు. ఆ ఊరు దేవరకొండ వైపు మెట్ట మీద ఉంది, సాగర్ నీరు దాని దాకా రాలేదు. ఆవిడ తమ్ముడి కొడుకులు ఇప్పటికీ అక్కడే సేద్యం చేస్తున్నారు. ఆ ఊరి సేత్వార్, ఖాస్రా పహాణీ నకళ్లకు దరఖాస్తు పెట్టాను, ఆవిడ తాత పట్టా నంబర్ల నుంచి పని మొదలవుతుంది.